పదో మనిషి నడక

గల్ఫ్‌లో కొత్తగా స్టీరింగు పట్టిన తమ్ముళ్ళు సెలవుల్లో మా ఇంటికొచ్చి ఒకటే అడుగుతారు. "బాబాయ్, ఇరవై రెండేళ్ళు ఒమన్‌లో టూరిస్టు బస్సు తోలావు, ఒక్క యాక్సిడెంటూ లేదంట కదా?" లేదు. నిజమే. బస్సు వల్ల అయిన యాక్సిడెంటు లేదు. నా వల్ల అయింది ఒకటుంది. అది జరిగేటప్పుడు బస్సు ఆగి ఉంది, హ్యాండ్ బ్రేకు వేసి ఉంది, నేను వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాను. అందుకని పోలీసు రికార్డులోకి ఎక్కలేదు. ఆ ఒక్కటీ మీకు చెప్పేస్తే నాకూ కడుపుబ్బరం తగ్గుతుంది.

నా చదువు ఏడో తరగతి మధ్యలో ఆగింది. నేను బడి మానేసినందుకు మా మాస్టారు బాధపడ్డారని కొందరు, స్వీట్లు పంచారని కొందరు అంటారు. రెండో మాటకే సాక్షులు ఎక్కువ. కాబట్టి ఇందులో మతాల సంగతులు వచ్చినచోట, నాకు వాళ్ళు చెప్పింది, నేను కళ్ళారా చూసింది, అంతే రాస్తున్నాను. పండితులు కోప్పడకండి.

అప్పట్లో మా రూము అల్ హైల్‌లో, కంపెనీ షెడ్డు పక్కనే. ఒక చలికాలం మా ముదీర్, అంటే మేనేజరు, పిలిచి చెప్పాడు.

"ఇంగ్లండు నుంచి ఒక గుంపు వస్తోంది. యూదులు. అందరూ ఒకే ప్రార్థన మందిరం వాళ్ళు. సగం మంది డెబ్భై దగ్గరవాళ్ళు. నడవడానికి వస్తున్నారు."

"నడవడానికొచ్చేవాళ్ళకి బస్సెందుకు సార్?"

"నడిచే చోటికి నడిచిపోలేరు కదా. నోరు మూసుకుని టైరు చూసుకో."

ఎయిర్‌పోర్టులో పదకొండు మంది దిగారు. ముందు ఒక యాభై ఏళ్ళ ఆవిడ, పొట్టి జుట్టు, మెళ్ళో ఈల. డ్రిల్లు టీచరేమో అనుకున్నాను. కాదు, ఆవిడే వాళ్ళ రబ్బీ. పూజ చేయించేదీ, ధర్మం చెప్పేదీ, తగువు తీర్చేదీ అన్నీ ఆవిడే. అన్ని సంఘాల్లోనూ ఆడ రబ్బీలు ఉండరట, వీళ్ళ సంఘంలో ఉంటారట. అంతసేపు విమానంలో కూర్చున్నారు కాబట్టి భుజాలు పట్టేస్తాయని, అక్కడికక్కడే ఈల వేసి అందరిచేతా చేతులు పైకెత్తించింది. తుపాకీ ఎవరి దగ్గరుందో తెలీక కస్టమ్స్ ఆయన పక్కవాణ్ణి చూశాడు.

బస్సులో నా వెనక సీట్లో కూర్చుని, నేను అడక్కుండానే చెప్పింది. మాట్లాడుకున్నదంతా నా విరిగిన ఇంగ్లీషులో. దాన్ని అతికించి తెలుగులో రాస్తున్నాను.

"ఒళ్ళు మనది కాదు డ్రైవర్‌గారూ. దేవుడు వాడుకోమని ఇచ్చాడు. తిరిగి అప్పజెప్పేటప్పుడు మంచి కండిషన్లో అప్పజెప్పాలి. అది మా ధర్మం."

నాకు వెంటనే ఎక్కింది. కంపెనీ బండి. ఈ ఒక్క ముక్క మా ముదీర్ విని ఉంటే ఆవిణ్ణి అప్పుడే వీసా ఇచ్చి అట్టే పెట్టుకునేవాడు.

వాళ్ళ ఊళ్ళో ప్రార్థన హాల్లోనే కుర్చీల్లో కూర్చోబెట్టి ముసలివాళ్ళచేత కాళ్ళూ చేతులూ ఆడించేవాళ్ళట. ఆదివారం ఆదివారం నడక. ఆ నడకలో ఇద్దరిద్దర్ని జతకట్టి, గ్రంథంలోంచి ఒక ముక్క ఇచ్చి వాదించుకోమనేవాళ్ళట. వాదనలో పడితే ఆయాసం తెలీదని. మా వైపు వాదన మొదలైతే ముందు అరుగు వెతుక్కుంటాం. వీళ్ళు గుట్ట ఎక్కేస్తారు! ఇక శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకి విశ్రాంతి రోజు. బండి ఎక్కరు, ఫోను ముట్టరు, జేబులో ఏదైనా పెట్టుకుని వీధిలోకి రారు. మందిరానికి నడిచే పోవాలి. అందుకని దూరంగా ఉన్నవాళ్ళు ముందు బయల్దేరి, దారిలో ఒక్కొక్క తలుపూ తట్టి ఒక్కొక్కర్నీ కలుపుకుంటూ పోతారట.

ఈ యాత్రకి పోటీ ఒకటి పెట్టారు. ప్రతివాళ్ళ చేతికీ అడుగులు లెక్కపెట్టే పట్టీ. రాత్రి భోజనాల దగ్గర రబ్బీగారు లెక్క చదువుతుంది. ఎక్కువ నడిచినవాళ్ళకి చప్పట్లు, మర్నాడంతా పెట్టుకోడానికి ఒక పసుపుపచ్చ టోపీ.

పదకొండు మందిలో పది మంది ఆ టోపీ కోసం కొండ మేకల్లా గెంతేవాళ్ళు. పదకొండో ఆయన నా బస్సులో ఏసీ కింద కూర్చునేవాడు. ఆయన్ని దర్జీ సారు అందాం. నలభై ఏళ్ళు సూట్లు కుట్టే కొట్టు నడిపాడు. పొట్టిగా, గుండ్రంగా, ముద్దుగా ఉంటాడు.

"మీరు దిగరా సార్?"

"రబ్బీ ఏమంది? ఒళ్ళు మంచి కండిషన్లో అప్పజెప్పమంది. నేను డెబ్భై ఏళ్ళుగా షెడ్డులోంచి బయటికే తీయలేదు. ఒక్క గీత చూపించు."

ఈ మాటతో మేమిద్దరం ఒక పార్టీ అయిపోయాం.

రెండో రోజు వాదీలో, అంటే కొండ వాగులో, ఒకాయన రాయి మీద జారి మడమ మెలిపెట్టుకున్నాడు. కట్టు కట్టి విమానం ఎక్కించాం. ఆ సాయంత్రం రబ్బీగారి ముఖంలో ఈల కళ తగ్గింది. నేనడిగితే చెప్పింది. కొన్ని ప్రార్థనలకి పది మంది పెద్దవాళ్ళు ఉండి తీరాలట. వీళ్ళ పద్ధతిలో ఆడామగా అందరూ లెక్కే. తొమ్మిది మంది ఎంత భక్తిగా నిలబడినా కుదరదు. గుంపులో పొడుగ్గా, సన్నగా ఒక టీచరమ్మ ఉంది. ఎక్కువ మాట్లాడదు. ఆవిడ భర్త పోయి వచ్చే శనివారానికి ఏడాది. అది వాళ్ళ పంచాంగం లెక్క. ఆ రోజు ఆవిడ ఆయన పేరున ఒక ప్రార్థన చదవాలి. పది మంది మధ్య నిలబడి చదవాలి. ఆయన పోయాక ఈవిడ ఎనిమిది నెలలు గుమ్మం దాటలేదట. నడక గుంపు వాళ్ళే రోజూ వెళ్ళి తలుపు తట్టి తట్టి, మొదట గేటు దాకా, తర్వాత వీధి చివరి దాకా, అలా ఇక్కడిదాకా నడిపించుకొచ్చారు.

"కాబట్టి ఇక మన దగ్గర స్పేర్ టైరు లేదు," అంది నా భాషలో. "ఉన్న పదీ శనివారం దాకా జాగ్రత్త."

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్," అన్నాను. నేను ఈ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నిద్ర చెడగొట్టుకున్నారు.

మూడో రోజు, అల్ హైల్‌లోనే వాళ్ళు దిగిన హోటల్లో, రబ్బీగారు దర్జీ సారు లెక్క చదివితే హాలంతా నవ్వింది. ఆయన బస్సుకీ బాత్రూముకీ మధ్య నడిచినవే ఆ అడుగులు. పాపం, ఆయన కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు పొద్దున్నే పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఒక్క రోజు నువ్వు పెట్టుకుంటావా? పరువు దక్కే మాత్రం చాలు."

డ్రైవరు చేతికి కడితే ఏమొస్తుంది? నా కాళ్ళు కూడా ఆయన కాళ్ళ లాంటివే, బ్రేకు మీదా క్లచ్ మీదా బతికేవే. ఆలోచించాను. మా షెడ్డు వెనకాల మూడంతస్తుల విల్లాలో కడప అక్క ఒకావిడ పని చేసేది. చెత్త సంచులు పారెయ్యడానికి పొద్దున్నే గేటు దగ్గరికొచ్చింది.

"అక్కా, ఇది సాయంత్రం దాకా చేతికి ఉంచుకో. నీ పని నువ్వు చేసుకో, ఇంకేం వద్దు."

"ఏందిబ్బా ఇది? గడియారమా? టైము చూపిచ్చదే?"

"అడుగులు లెక్కపెడతది."

"ఎవురివి?"

"నీవే. కానీ ఒక ముసలాయన పేరు మీద."

"నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా?" అని నా నుదురు చూసి, కట్టుకుని పోయింది.

సాయంత్రం పట్టీ తెచ్చి సారుకి ఇచ్చేశాను. ఆ రాత్రి రబ్బీగారు లెక్క చదవబోయి ఆగింది. కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ చూసింది. కొండ ఎక్కి దిగినవాళ్ళందరి కంటే దర్జీ సారు ఎంతో ముందున్నాడు. అందరూ కుర్చీలు తోసుకుని లేచి చప్పట్లు. రబ్బీగారు ఈల వేసింది. మనిషి మారాలనుకుంటే ఏ వయసులోనైనా మారొచ్చని చిన్న ఉపన్యాసం కూడా చెప్పింది. ఆయన పసుపు టోపీ పెట్టుకుని, గుండె మీద చెయ్యేసుకుని వంగాడు. టీచరమ్మ దగ్గరికొచ్చి మెల్లగా, "మీ బూట్లు చాలా బాగున్నాయి," అంది. దర్జీ సారు తెల్లబోయాడు. నేను అది మెచ్చుకోలే అనుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర అక్కకి ఈ కథంతా చెప్పాను. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను దినామూ ఆ మెట్లు ఎక్కి దిగతానే ఉండా. ఒగడన్నా చప్పట్లు కొట్టినాడా? నేను నడిస్తే ఆయప్పకు టోపీనా? బాగుండాది మీ యవ్వారం."

నేను నవ్వేశాను. ఆవిడా నవ్వింది. కానీ పట్టీ మళ్ళీ కట్టుకోమంటే కట్టుకోలేదు.

శుక్రవారం నాటికి సహం అనే ఊరు చేరాం. కొండలయ్యాయి, ఇక చదునైన సముద్రపొడ్డున నడవాలని రబ్బీగారి ప్లాను. పక్కనున్న సొహార్‌లో ఒకప్పుడు తమవాళ్ళు ఉండేవాళ్ళట, అదీ ఒక ఆశ. ఊరి చివర, ఖర్జూర తోటలో, ఒక ముసలి ఒమానీ తన ఇంటినే గెస్ట్ హౌసు చేశాడు. మేం బాబా అని పిలిచేవాళ్ళం. ఆయన వాళ్ళు నడవడానికొచ్చారని విని, "మా చిన్నప్పుడు బండి లేక నడిచేవాళ్ళం. వీళ్ళు విమానమెక్కి వచ్చి నడుస్తున్నారా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత అందరికీ కాఫీ పోసి, అన్నిటి కంటే ఎత్తుగా ఉన్న దిండు టీచరమ్మకిచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి అందరూ స్నానాలకి పోతుంటే దర్జీ సారు నా పక్కకి చేరాడు.

"ఇక్కడి మగవాళ్ళు వేసుకునే పొడుగు చొక్కా చూశావా? మెడ దగ్గర కుచ్చు వేలాడుతుంది. అది లోపలి నుంచి కుడతారా, బయటి నుంచా? నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు."

సహం బజార్లో దిష్‌దాషాలు, అంటే ఆ పొడుగు చొక్కాలే, కుట్టే మాస్టరు నాకు తెలుసు. కరీంనగర్ వైపు సాయిబు, ముప్పై ఏళ్ళుగా అక్కడే. రబ్బీగారిని అడిగాను. ఆవిడ గడియారం చూసింది.

"ఐదుకి వెనక్కి. ఐదంటే ఐదు."

"యెస్ మేడమ్."

తమ్ముళ్ళూ, ఇక్కడే మన తలకాయలో లోపం చూడండి. మనకి సాయంత్రం అంటే తొమ్మిదింటిదాకా సాయంత్రమే. వాళ్ళకి పొద్దు గుంకడమంటే రైల్వే గేటు పడడం. పడ్డాక మంత్రిగారొచ్చినా ఎత్తరు.

గెస్ట్ హౌసుకి నాలుగు కిలోమీటర్లు, కొట్టు. ఆ ఇద్దరు దర్జీలకీ ఒక్క భాషా కలవలేదు. ఐదు నిమిషాల్లో ఎక్కడా తేడా లేకుండా మాట్లాడుకుంటున్నారు. మాస్టరు సుద్దతో గీత గీస్తే సారు తల ఊపి పక్కన ఇంకో గీత గీస్తాడు. మాస్టరు "వాహ్" అంటాడు. సారు కత్తెర పట్టుకుని మెడ కత్తిరించి చూపిస్తే మాస్టరు లేచి నిలబడి సలాం కొట్టాడు. నాకు అందులో పనిలేదు. బస్సు వెనక సీట్లో ఐదు నిమిషాలు నడుం వాల్చాను.

మసీదులోంచి అజా, నమాజు పిలుపు, వినిపించి లేచాను. మగ్రిబ్. అంటే పొద్దు గుంకింది.

కొట్లోకి పరిగెత్తాను. నమాజుకి పోవడానికి మాస్టరు కత్తెర బల్ల మీద పెడుతున్నాడు. అదే క్షణాన ఆ పిలుపు ఎందుకో అర్థమైన దర్జీ సారు కూడా తన చేతిలో కత్తెర బల్ల మీద పెట్టాడు. రెండు కత్తెరలూ పక్కపక్కన.

"సూర్యుడు?" అన్నాడు నన్ను చూసి.

"పోయాడు సార్. ఎక్కండి. పది నిమిషాలు, దింపేస్తాను. చీకటి పడింది, ఎవరూ చూడరు."

"చూసేవాడు చూస్తాడు." జేబులోని పర్సూ ఫోనూ బల్ల మీద పెట్టేశాడు. పట్టీ కూడా తీసేశాడు. "టోపీ కోసం మోసం చేశాను, నిజమే. అది నాకూ ఆ గుంపుకీ మధ్య. ఇది అది కాదు."

"మరి టీచరమ్మ ప్రార్థన?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. చీకట్లో ఆ సముద్రపు రోడ్డు మీద ఆయన చూపుకి నడక కుదరదు. దీపాలు లేవు, గుంతలున్నాయి. నమాజు నుంచి తిరిగొచ్చిన మాస్టరు సంగతి విని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"గీ పెద్దాయన నా రూంల పండుకుంటడు. పొద్దుగాల లేశి నడుస్తడు. గింత దానికి పరేషాన్ ఎందుకు భాయ్? సోయి లేకుండ నిద్రవోయింది నువ్వు. ఆయన మొకం జూడు, నువ్వు జేశిన తప్పుకు ఆయన శిక్ష పడ్డట్టు కూసున్నడు."

నేను బాబాకి ఫోన్ చేశాను. వాళ్ళు ఫోను ముట్టరు కాబట్టి ఆయనే కబురు మోశాడు. కాసేపటికి ఆయనే చేశాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో తొమ్మిది మందే ఉన్నారట. టీచరమ్మ చదవాల్సింది చదవకుండా పుస్తకం మూసిందట. రేపు పొద్దు గుంకేదాకా ఆ తిథి ఉంటుంది, పొద్దున్న ప్రార్థనకి చూస్తాం, నడిచి రమ్మనండి, అందట రబ్బీగారు. ఫోను పెట్టేస్తూ బాబా అన్నాడు, "ఆ పొడుగు మదామ్ మూడుసార్లు గేటు దాకా వచ్చి చూసి పోయింది."

తెల్లారి ఆరున్నరకి బయల్దేరాం. నా ప్లాను ఏమిటంటే, ఆయన నడుస్తుంటే నేను పక్కనే బస్సు మెల్లగా తోలుకుంటూ వస్తాను, కళ్ళు తిరిగితే చూసుకోవచ్చని. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్సు పక్కనుంటే ఎక్కేస్తాను. డెబ్భై ఏళ్ళుగా నాకు నేను తెలుసు. వదిలేసి రా."

తాళం మాస్టరుకిచ్చాను. రెండు నీళ్ళ సీసాలూ కాగితం గ్లాసులూ సంచిలో వేసుకున్నాను. నీళ్ళు మొయ్యమని ఆయన నన్ను అడగడు, అడగకూడదట. నాకోసం నేను తెచ్చుకుని, నాకెక్కువై, పక్కవాడికి పోస్తే తాగొచ్చట. కాబట్టి దారిపొడవునా ఆయన సీసాని చూడ్డం, నేను "అబ్బ, నాకేంటో దాహంగా ఉంది" అనడం. ఆ నాలుగు కిలోమీటర్లలో నాకు వేసినంత దాహం ఎడారిలో ఒంటెక్కూడా వేసి ఉండదు.

బజారు దాటగానే చేపల పెట్టె కనిపిస్తే కూర్చున్నాడు. "అయిపోయింది. వెళ్ళి చెప్పు, పోయానని." అప్పుడు నాకు ఆయాసానికి రబ్బీగారి మందు, వాదన, గుర్తొచ్చింది.

"సార్, మగాళ్ళ చొక్కాకి గుండీలు కుడి పక్కన, ఆడవాళ్ళకి ఎడమ పక్కన. ఇదంతా మీ దర్జీలు పనిలేక పెట్టిందే కదా?"

"పనిలేకా?" లేచాడు. "పనిలేకా! విను, మూర్ఖుడా..."

గుండీల మీద మసీదు దాకా వచ్చాం. అక్కడ నీరసపడితే, రెడీమేడ్ చొక్కాలే గట్టిగా ఉంటాయన్నాను. ఆ కోపం మీద పడవల రేవు దాకా ఊపుగా వచ్చాడు. దర్జీ కూర్చుని చేస్తాడు, డ్రైవరూ కూర్చునే చేస్తాడు, కానీ డ్రైవరు ఊళ్ళు దాటతాడు అన్నాను. ఇది ఇద్దరికీ తగిలింది. ఒకణ్ణొకడు సోమరిపోతు అని తిట్టుకుంటూ ఇంకో అరకిలోమీటరు పోయాం. వలలు బాగుచేసుకునే జాలర్లు పని ఆపి చూశారు.

తిరగేసిన ఒక పడవ దగ్గర మాత్రం నిజంగా ఆగిపోయాడు. ముఖం కందిపోయింది. చొక్కా ఒంటికి అతుక్కుంది. ఏ వాదనకీ లేవలేదు. గ్లాసులో నీళ్ళు పోసి పక్కన పెట్టి కూర్చున్నాను. టైము ఎనిమిది దాటింది. ప్రార్థన తొమ్మిదికి.

"వాళ్ళాయన పోస్ట్‌మ్యాన్," అన్నాడు. "టీచరమ్మ భర్త. జీతానికి నడిచి నడిచి రిటైరై, ఇప్పుడు ఊరికే నడుస్తానని ఈ గుంపు పెట్టాడు. ప్రతి ఆదివారం ముందు నా బెల్లు కొట్టేవాడు. నేను పై కిటికీలోంచి తల పెట్టేవాణ్ణి. ఒకసారి మోకాలు అనేవాణ్ణి. ఒకసారి వాన. ఒకసారి పిల్లి చచ్చిపోయిందన్నాను. నాకు పిల్లే లేదు. సరే, పై వారం, అని చెయ్యి ఊపి పోయేవాడు. ఆరేళ్ళు. ఒక్క ఆదివారం మానలేదు. ఒక్క ఆదివారం నేను దిగలేదు."

"మరి ఈ యాత్రకెందుకొచ్చారు సార్? భోజనాల కోసం అన్నారు కదా."

"భోజనాలు కూడా బాగుంటాయన్నారు," అని నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. నేను చెయ్యి అందించేలోపల పడవ అంచు పట్టుకుని తనే లేచాడు. మిగిలిన దారికి వాదన అవసరం పడలేదు. అప్పటిదాకా ఆ వారం ఆయన నిజంగా నడిచిన అడుగులు అవే. వాటిని లెక్కపెట్టే పట్టీ మాస్టరు బల్ల మీద ఉంది.

గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. తొమ్మిది మందీ తోట బయటే నిలబడి ఉన్నారు. రబ్బీగారు ఈల నోట్లో పెట్టుకోబోయి మానేసింది. ఒకాయన చెయ్యి పట్టి లోపలికి నడిపించాడు. ఇంకొకావిడ కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు. నిలబడతానన్నాడు.

నేను బయట మెట్ల మీద బాబా పక్కన కూర్చున్నాను. లోపల ఏవేవో చదివారు, పాడారు. తర్వాత ఒక్క గొంతు. ఈ వారంలో ఆ గొంతు ఇంత గట్టిగా నేను వినలేదు. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా మిగిలినవాళ్ళు ఆమెన్ అని ఆమెకి ఊపిరి అందించారు. అందులో ఒక గొంతు ఆయాసంతో అందరికంటే వెనకబడి వచ్చింది. అది మా పదో మనిషిది. నా పక్కన బాబా కూడా నెమ్మదిగా, తనలో తను, ఆమీన్ అన్నాడు. నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఏం లాభం, ముక్కు మాత్రం కారింది.

అయ్యాక అందరూ భోజనానికి కూర్చుంటే దర్జీ సారు నిలబడి నన్ను లోపలికి పిలిచాడు. పసుపు టోపీ సంగతి మొత్తం చెప్పేశాడు. పట్టీ, నేను, అల్ హైల్ అక్క, అన్నీ. నిద్రపోయి గంట దాటించింది నేనని నేనూ చెప్పేశాను. రబ్బీగారి ముఖం చూడ్డానికి భయమేసి నా చెప్పులు చూసుకున్నాను.

ముందు నవ్వింది టీచరమ్మ.

"నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు పోస్ట్‌మ్యాన్‌తో కాపురం చేశాను. మనిషి ఎంత నడిచాడో మా ఆయన బూట్లు చూసి చెప్పేవాడు. అన్ని కొండలెక్కిన మనిషి బూట్లు షాపులోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి." వంగి ఆయన కాళ్ళ వైపు చూసింది. ఇసుక, మడ్డి, చేప పొలుసులు, ఒక తాడు ముక్క. "ఇవాళ బాగా పాడయ్యాయి. ఆయనకి చూపిస్తే కిటికీలోంచి దిగావా అనేవాడు."

దర్జీ సారు నవ్వబోయి ముఖం తుడుచుకున్నాడు.

రబ్బీగారు నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "అన్ని అడుగులు నడిచినావిడకి సెలవు రోజు ఎప్పుడు?"

తెలీదన్నాను. నాలుగేళ్ళుగా ఆవిణ్ణి రోజూ చూస్తున్నాను. నేనెప్పుడూ అడగలేదు. "వెళ్ళగానే అడుగు," అంది. ఆవిడ మామూలుగా అన్న మాటే. ఈల కంటే గట్టిగా తగిలింది. వెళ్ళాక అడిగాను కూడా. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు, అదీ ఇంట్లో చుట్టాలు లేకపోతే, అని చెప్పింది అక్క. దానికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది వేరే కథ, అందులో నవ్వులేదు.

మధ్యాహ్నం చల్లబడ్డాక నా జేబు తడుముకుంటే తాళం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. బస్సు మాస్టరు కొట్టు ముందు ఉంది. నాలుగు కిలోమీటర్లు.

"నేను వెళ్ళి తెచ్చుకుంటాను మేడమ్. చుక్కలు పొడిచాక మీకు బండి కావాలి కదా."

"మా గుంపులో ఒంటరిగా ఎవరూ నడవకూడదు," అంది రబ్బీగారు. "రూలు."

"నేను మీ గుంపు కాదు కదా మేడమ్."

"నేను వెళ్తాను ఇతనితో," అని టీచరమ్మ లేచింది. ఆవిడ లేస్తే ఆవిడ పక్కావిడ లేచింది. మరి తిరిగొచ్చేటప్పుడు వీళ్ళిద్దరే ఎలా వస్తారని ఇంకో ఇద్దరు లేచారు. అలా తొమ్మిది మందీ గేటు దగ్గరికొచ్చారు. దర్జీ సారు దిండు మీద కాళ్ళు చాపి పడుకుని చూస్తున్నాడు. ఎవరూ పిలవలేదు. అదే ఆయనకి నచ్చలేదనుకుంటాను. గొణుక్కుంటూ బూట్లు తొడిగాడు.

బజారు చేరేసరికి సూర్యుడు ఇంకా జానెడు పైనే ఉన్నాడు. కొట్లోంచి మాస్టరు బయటికొచ్చి, పది మందినీ చూసి, "ఏంది భాయ్, పొద్దుగాల ఒక్కడు పోయిండు, మల్ల పది మందిని తోలుకొచ్చినవ్?" అన్నాడు. తాళం ఇచ్చాడు. నేను అలవాటు కొద్దీ బస్సు తలుపు తెరిచాను. ఒక్కరూ ఎక్కలేదు. ఎలా ఎక్కుతారు? అందరూ వెనక్కి తిరిగి గెస్ట్ హౌసు వైపు నడక మొదలుపెట్టారు, ఇద్దరిద్దరు జతలుగా, వాదించుకుంటూ.

నేనేం చేయాలి? పద్నాలుగు సీట్ల ఖాళీ బస్సు, నాలుగు దీపాలూ మినుక్కుమంటూ, వాళ్ళ పక్కన మనిషి నడిచే వేగంతో తోలుకుంటూ పోయాను. రోడ్డు మీద ప్రతివాడూ కారు ఆపి, బండి చెడిపోయిందా అని అడిగాడు. లేదన్నాను. మరి వాళ్ళెందుకు నడుస్తున్నారు? దానికి జవాబు చెప్పాలంటే నాకు ఇంకో పదేళ్ళ చదువు కావాలి.

జతల్లో చివరిది టీచరమ్మా, దర్జీ సారూ. ఆవిడ ఏదో చెప్తోంది, ఆయన కాదంటున్నాడు. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆయన ఒకసారి బస్సు వైపు చూసేవాడు. ఏసీ వేసే ఉంది. మెట్టు ఆయన మోకాలికి మూరెడు దూరంలో ఉంది. చూసేవాడు, మళ్ళీ ముందుకి తిరిగి నడిచేవాడు. నాలుగు కిలోమీటర్లూ ఎక్కలేదు. నేనూ తలుపు మూయలేదు.